ఆటో క్యాప్షన్లు: చిత్తుప్రతిగా బాగున్నాయి, సరిచూడకుండా పోస్ట్ చేస్తేనే ప్రమాదం

ముందే చెప్పేస్తాను, ఎడిటింగ్ యాప్ తనంతట తానే విని, వీడియోలోని మాటల్ని కింద అక్షరాలుగా రాసే ఈ ఆటో క్యాప్షన్ ఫీచర్‌కి నేనిచ్చే రేటింగ్ రెండు రకాలు. వీడియో చేసేవాళ్ళకి టైపింగ్ శ్రమ తగ్గించే పనిముట్టుగా చూస్తే ఐదుకి నాలుగు. వినపడనివాళ్ళ కళ్ళ ముందుకి నేరుగా వచ్చే క్యాప్షన్‌గా చూస్తే ఐదుకి ఒకటిన్నర, అదీ కష్టం మీద. ఒకే ఫీచర్‌కి ఇంత తేడా ఎందుకంటే, యాప్ రాసిచ్చినదాన్ని పోస్ట్ చేసే ముందు మనిషన్నవాడు ఒకసారి చదివాడా లేదా అన్న దగ్గరే మొత్తం తేలిపోతుంది.

నేను ఏ వైపు నుంచి రాస్తున్నానో చెప్పాలి కదా. నాకు రెండు చెవులా వినికిడి తక్కువ. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి పెదాలు కూడా చూస్తూ ఉంటే మాట దాదాపు అందుతుంది. ఫోన్ స్పీకర్‌లోంచి వచ్చే మాట అలా కాదు, వెనక మ్యూజిక్ కూడా పెట్టారంటే అంతా కలిసి హోరు. పోనీ పెదాలు చూద్దామంటే ఇప్పటి వీడియోల్లో కుదరదు, మైక్ నోటికి అడ్డంగా ఉంటుంది, షాట్ క్షణక్షణానికి మారిపోతుంది, చాలా వీడియోల్లో మాట్లాడే మనిషే కనపడరు, గొంతు మాత్రమే వస్తుంది. కాబట్టి నాకు వీడియో అంటే క్యాప్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏదో ఒక సాయం తప్పనిసరి అయ్యేంత వినికిడి లోపం ఉన్నవాళ్ళు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైనే ఉన్నారు. వీళ్ళలో అందరికీ సైన్ లాంగ్వేజ్ వచ్చి ఉండదు, వయసు మీద పడ్డాక వినికిడి తగ్గినవాళ్ళు చాలామంది, వాళ్ళకి స్క్రీన్ మీద చదువుకోవడం ఒక్కటే దారి.

నేను చూసింది మా చెల్లి వాడే ఎడిటింగ్ యాప్‌లోని తెలుగు ఆటో క్యాప్షన్లు. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇవే తప్పులు నేను రోజూ చూసే రకరకాల వీడియోల్లో కనిపిస్తున్నాయి, ఒక్క యాప్‌ని పట్టుకుని తిట్టి లాభం లేదు. చెల్లి ఫోన్, కంప్యూటర్ వాడకం మీద చిన్న చిన్న వీడియోలు చేస్తుంది, కెమెరా ముందు కూర్చునే ముందు చెప్పబోయేదంతా రాసుకోవడం దానికి అలవాటు. ఆ రాసుకున్న కాగితాలు ఒక పక్క, యాప్ ఇచ్చిన క్యాప్షన్లు ఒక పక్క పెట్టుకుని లైను లైనూ పోల్చాను. నాలాంటివాళ్ళకి ఇంకో మార్గం లేదు, విని సరిచూడలేం కదా.

మంచి ముందు చెప్తాను, ఉంది కాబట్టి. వేగం అద్భుతం. వీడియో నిడివి కంటే తక్కువ సమయంలోనే మొత్తం రాసేస్తుంది. గదిలో ఫ్యాన్ ఆపి, ఒక్కరే, కాలర్ మైక్ పెట్టుకుని, నిదానంగా మాట్లాడితే చాలా లైన్లు అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. ఏ మాట ఏ క్షణంలో పడాలి అన్న టైమింగ్ కూడా బాగుంది, చేత్తో చేస్తే ప్రాణం తీసే పని అదే. ఇదివరకు క్యాప్షన్ పెట్టమని అడిగితే "అంత టైమ్ ఎక్కడుంది అక్కా" అనేది చెల్లి. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. ఈ ఒక్క విషయానికే నాలుగు ఇచ్చాను.

ఇక అసలు సంగతి.

తెలుగులో వాక్యం బరువంతా చివర్లో ఉంటుంది. చేశాడా, చెయ్యలేదా, చెయ్యొచ్చా, చెయ్యకూడదా, ఎవరు చేశారు, ఇది ప్రశ్నా, సమాచారమా, అన్నీ చివరి క్రియలోనే, అదీ దాని చివరి ఒకటి రెండు అక్షరాల్లోనే తేలతాయి. మాట్లాడేటప్పుడు మనమంతా సరిగ్గా అక్కడే గొంతు తగ్గిస్తాం, తర్వాతి వాక్యం తొందరలో ఆ చివరి అక్షరాన్ని మింగేస్తాం. వినగలిగేవాళ్ళు సందర్భాన్ని బట్టి, ముఖాన్ని బట్టి సర్దుకుంటారు. యాప్ సర్దుకోదు, ఏదో ఒకటి ఊహించి రాసేస్తుంది. "వచ్చిందా" అన్నది "వచ్చింది" అయిపోతుంది, ప్రశ్నార్థకం కూడా పెట్టదు కాబట్టి చెల్లి అడిగిన ప్రశ్నలన్నీ నాకు జవాబుల్లా కనిపించాయి. "మీకు ఇలా మెసేజ్ వచ్చిందా, వస్తే నొక్కకండి" అన్నది "మీకు ఇలా మెసేజ్ వచ్చింది వస్తే నొక్కండి" అని వచ్చింది. ఆ లైన్‌ని మళ్ళీ ఒకసారి చదవండి. మోసం మెసేజ్‌ల గురించి జాగ్రత్త చెప్పే వీడియో అది.

దీనికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి ఉంది, అది చెల్లి వీడియో కాదు. చెవిలో గులిమి తీసుకోవడం గురించి ఒక డాక్టర్ మాట్లాడిన చిన్న వీడియో. వినికిడి లోపం ఉన్నవాళ్ళే ఎక్కువగా చూసే విషయం. కింద క్యాప్షన్ ఇలా ఉంది: "కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు ఈ చుక్కలు వాడొచ్చు." నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే కర్ణభేరికి చిల్లు ఉంటే గులిమి కరిగించే చుక్కలు వేసుకోకూడదని మా చెవి డాక్టర్ ఎప్పుడో గట్టిగా చెప్పి ఉన్నారు. చెల్లిని పిలిచి వినమన్నాను. ఆయన చక్కగా, స్పష్టంగా "వాడొద్దు" అనే అన్నారట. వాడొచ్చు, వాడొద్దు. చెయ్యొచ్చు, చెయ్యొద్దు. తాగొచ్చు, తాగొద్దు. మన భాషలో అనుమతికీ నిషేధానికీ మధ్య ఉన్నది ఒక్క ఒత్తక్షరం తేడా. ఆ డాక్టర్ తప్పు చెప్పలేదు, విన్నవాళ్ళెవరికీ తప్పు వెళ్ళలేదు. చదివినవాళ్ళకి మాత్రమే వెళ్ళింది.

నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. తప్పుల్లో రెండు రకాలున్నాయి. "ఫైల్ సేవ్ చేశాక బ్యాకప్ తీసుకోండి" అని చెల్లి అంటే యాప్ "ఫైలు సేవ చేశాక బాగా కప్పు తీసుకోండి" అని రాసింది. ఇది చూడగానే తప్పని తెలిసిపోతుంది, అర్థం కాదు, విసుగొస్తుంది, అయినా దీనివల్ల హాని లేదు, నేను ఎవరినో ఒకరిని అడుగుతాను. రెండో రకం తప్పు చూడ్డానికి ఒప్పులా ఉంటుంది. వ్యాకరణం బాగుంటుంది, అర్థం కుదురుతుంది, అక్షరాలు కూడా పక్క లైన్ ఎంత ధీమాగా ఉందో అంతే ధీమాగా ఉంటాయి. వినగలిగేవాళ్ళకి చెవి ఒక సాక్షి, తేడా వస్తే వెంటనే పట్టేస్తారు. మాకు రెండో సాక్షి లేడు.

అంకెలు ఈ రెండో రకంలోకే వస్తాయి. ఇరవై, అరవై పలకడంలో ఎంత దగ్గరో మీరే ఒకసారి గబగబా అని చూడండి. చెల్లి "బ్రైట్‌నెస్ ఇరవై శాతం దగ్గర పెట్టుకోండి" అంటే స్క్రీన్ మీద 60% అని పడింది. పైగా యాప్ మాటల్లో చెప్పిన సంఖ్యని అంకెల్లోకి మార్చి రాస్తుంది, అంకెలో కనిపిస్తే ఇంకా ఎక్కువ నమ్ముతాం. బ్రైట్‌నెస్ కాబట్టి సరిపోయింది, అదే మోతాదో, ఆఖరి తేదీయో, అత్యవసర ఫోన్ నంబరో అయితే?

యాసలో మాట్లాడేవాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. "వాడు వచ్చిండు" అంటే "వాడు వచ్చి ఉండు" అని రాస్తుంది, జరిగిన సంగతి కాస్తా ఆజ్ఞ అయి కూర్చుంటుంది. పుస్తకాల భాషకి దగ్గరగా మాట్లాడితేనే సరిగ్గా రాస్తుంది, ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకి దూరం. పెద్ద వయసువాళ్ళ గొంతు, నత్తి ఉన్నవాళ్ళ మాట, పుట్టుకతో వినపడనివాళ్ళు నేర్చుకుని మాట్లాడే మాట, వీటి దగ్గర ఇది దాదాపు చేతులెత్తేస్తుంది. అంటే వైకల్యం ఉన్న మనిషి తన గురించి తాను వీడియో చేసుకుంటే అది అదే వైకల్యం ఉన్న ఇంకో మనిషికి చేరదు. దీని మీద ఎవరైనా గట్టిగా పని చేయాలి.

అసలు ఎవరూ మాట్లాడని చోట కూడా మాటలు పుడతాయి, ఇది మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. చెల్లి స్క్రీన్ మీద ఏదో చూపిస్తూ కాసేపు మౌనంగా ఉన్న చోట యాప్ "వీడియో చూసినందుకు ధన్యవాదాలు" అని రాసింది. ఇది ఈ యాప్ ఒక్కదాని జబ్బు కాదు. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబర్‌లో విడుదల చేసిన విస్పర్ అనే, మాటని అక్షరాలుగా మార్చే మోడల్ ఇంటర్నెట్ నుంచి తీసుకున్న 6,80,000 గంటల ఆడియోతో నేర్చుకుంది. దాని మీద 2024లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, దాదాపు ఒక శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలనో పదబంధాలనో అది సొంతంగా కల్పించి రాసింది. మెదడు దెబ్బతిని మాట తడబడేవాళ్ళ ఆడియోలో, మాటల మధ్య మౌనం ఎక్కువ ఉన్న చోట ఇది ఇంకా ఎక్కువట. ఒక శాతం చిన్నదిగా కనిపిస్తుంది. లేని వాక్యాన్ని మనిషి నోట్లో పెట్టడం మాత్రం చిన్న విషయం కాదు.

శాతాల మాట వచ్చింది కాబట్టి, ఈ యాప్‌లన్నీ గొప్పగా చెప్పుకునే కచ్చితత్వం లెక్క గురించి కొంచెం. మారిపోయిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, అదనంగా చేరిన మాటలు, మూడూ కలిపి, అసలు పలికిన మాటల సంఖ్యతో భాగిస్తే తప్పుల రేటు వస్తుంది. 95 శాతం కచ్చితత్వం అంటే వినడానికి బాగుంటుంది, కానీ వంద మాటలకి ఐదు తప్పులు, అంటే కాస్త గబగబా మాట్లాడేవాళ్ళయితే ఒక్క నిమిషంలోనే ఐదు. పైగా ఈ లెక్కలో "అంటే" అనే ఊతపదం ఎగిరిపోయినా ఒక తప్పే, "వాడొద్దు" కాస్తా "వాడొచ్చు" అయినా ఒక తప్పే. అందుకే శాతం చూసి నేను ఏ యాప్‌నీ నమ్మను. చివరి క్రియలు, అంకెలు, పేర్లు, ఈ మూడూ ఎలా వచ్చాయో చూస్తాను.

ఇద్దరు మాట్లాడుకునే వీడియోల్లో ఎవరి మాట ఏదో తెలియదు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు మధ్యలో అడ్డుపడతారు, యాప్ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో పేరో, కనీసం లైను ముందు ఒక గీతో పెడితే చాలు, ఆ మాత్రం సదుపాయం కూడా ఇందులో లేదు, చేత్తో పెట్టుకోవాలి. శబ్దాల సంగతి అంతకంటే నిరాశ. తలుపు ధడాలున పడింది, అందరూ వెనక్కి తిరిగారు, ఎందుకు తిరిగారో నాకు తెలియదు. పాట విషాదంగా ఉన్నా, భయపెట్టేదైనా, పెళ్ళి సందడైనా అన్నిటికీ "సంగీతం" అని ఒకటే ముక్క. యూట్యూబ్ 2017లోనే సంగీతం, చప్పట్లు, నవ్వు అనే మూడింటిని ఆటోమేటిక్‌గా చూపించడం మొదలుపెట్టింది, ఆ దారిలో మిగతావాళ్ళు ఇంకా చాలా దూరం వెళ్ళాలి. "ఫోన్ మోగుతోంది", "వెటకారంగా", "ఏడుపు ఆపుకుంటూ" లాంటివి మనిషే రాయాలి, రాస్తే ఎంత తేడా వస్తుందో చదివేవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు స్క్రీన్ మీద కనిపించే తీరు. ఒక్కొక్క మాట ఎగిరెగిరి పడే స్టైల్ ఈ యాప్‌లో మొదటే ఆన్ అయి ఉంటుంది. చూడ్డానికి హుషారుగా ఉంటుందేమో కానీ చదివి బతికేవాళ్ళకి నరకం. మనం చదివేటప్పుడు కన్ను ముందు మాటని, వెనక మాటని కలిపి పట్టుకుంటుంది, ఒక్కటే చూపించి లాగేసుకుంటే వాక్యం మొత్తాన్ని బుర్రలో మోయాలి, ఈలోపు బొమ్మలో ఏం జరిగిందో చూసే వీలు ఉండదు. రెండు లైన్లు, నిలకడగా, చదివేంతసేపు ఉండాలి. బీబీసీ తన సబ్‌టైటిళ్ళకి నిమిషానికి 160 నుంచి 180 మాటల వేగం సరైనదని పెట్టుకుంది, అది ఇంగ్లిష్‌కి. విభక్తులూ క్రియలూ అతికించుకుని పొడవెక్కే తెలుగు మాటలకి అంతకంటే నిదానంగా పోవాలని చదివేవాళ్ళెవరైనా చెప్తారు.

అక్షరం ఒక్కొక్కటిగా టైప్ అవుతున్నట్టు కనిపించే ఎఫెక్ట్ ఇంకొకటి ఉంది, దయచేసి తెలుగుకి వాడకండి. అది ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసింది. మన గుణింతాలు, ఒత్తులు దానికి తెలియవు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని విడగొట్టి ఒక్కోటీ విసురుతుంది. కొన్ని ఫాన్సీ ఫాంట్లు ఎంచుకుంటే ఎఫెక్ట్ లేకుండానే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి జారిపోయాయి, పొల్లులు విడివిడిగా గాలిలో వేలాడాయి. చెల్లి ఇంగ్లిష్ పేర్లు చూసి ఫాంట్ మార్చింది, తెలుగు లైన్లలో ఏమైందో గమనించలేదు, ఎందుకంటే అది విన్నది, చదవలేదు.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. నిలువు వీడియోల్లో కింద అకౌంట్ పేరు, పోస్ట్ వివరణ వస్తాయి, కుడి పక్కన లైక్, షేర్ బటన్లు ఉంటాయి. ఎడిటింగ్ యాప్‌లో చూసేటప్పుడు అవేవీ కనిపించవు కాబట్టి క్యాప్షన్‌ని అట్టడుగున పెట్టేస్తారు, పోస్ట్ అయ్యాక రెండో లైన్ వాటి వెనక దాక్కుంటుంది. కాస్త పైకి, మనిషి ముఖం మీద పడకుండా, వెనక నల్లటి పట్టీతో తెల్లటి అక్షరాలు. ఇంతకు మించి అందం అక్కర్లేదు. ఆ పట్టీ పెట్టే ఆప్షన్ ఈ యాప్‌లో ఉంది, బాగుంది కూడా.

వీడియో మీద అచ్చేసినట్టు అతికించే క్యాప్షన్లు, విడిగా ఫైల్‌గా ఇచ్చే క్యాప్షన్లు, ఈ రెండింటి తేడా చాలామందికి తెలియదు. అతికిస్తే అది బొమ్మలో భాగం అయిపోతుంది. చూపు కూడా తక్కువ ఉన్నవాళ్ళు అక్షరం పెద్దది చేసుకోలేరు, రంగు మార్చుకోలేరు, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళు చుక్కల్ని వేలితో తడిమి చదివే బ్రెయిలీ డిస్‌ప్లే మీద చదువుకోలేరు, ఎందుకంటే అక్కడ అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. విడిగా ఎస్ఆర్‌టీ ఫైల్ ఇస్తే ఇవన్నీ కుదిరే వీలుంటుంది. ఆ ఫైల్‌లో బ్రహ్మవిద్య ఏమీ లేదు, మామూలు టెక్స్ట్ ఫైలే. వరస సంఖ్య ఒకటి, దాని కింద 00:00:41,200 --> 00:00:43,900 అని మొదలయ్యే సమయం, ముగిసే సమయం, దాని కింద మాటలు, ఒక ఖాళీ లైను, మళ్ళీ తర్వాతిది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోవచ్చు, సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) ఎంచుకోవాలి అంతే, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. ఈ యాప్ ఎస్ఆర్‌టీ ఇస్తుంది కానీ ఎక్స్‌పోర్ట్ మెనూలో ఎక్కడో లోపల దాచిపెట్టింది, వెతికితే గానీ దొరకదు.

ఇదేదో కొత్త కోరిక అనుకునేవాళ్ళకి ఒకటి రెండు సంగతులు. యూట్యూబ్‌లో ఆటోమేటిక్ క్యాప్షన్లు వచ్చింది 2009 నవంబర్‌లో, ఆ పనిని ముందుండి నడిపిన గూగుల్ ఇంజనీర్ కెన్ హారెన్‌స్టీన్ స్వయంగా వినపడని మనిషి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ పెట్టిన ప్రమాణాల్లో, రికార్డు చేసిన వీడియోకి క్యాప్షన్ ఉండాలన్నది అన్నిటికంటే కింది మెట్టు, అంటే కనీస అర్హత. ఆటోమేటిక్‌గా పుట్టిన క్యాప్షన్లు పూర్తిగా సరైనవని నిర్ధారించుకుంటే తప్ప ఆ అర్హత కిందికి రావని కూడా వాళ్ళే స్పష్టంగా చెప్పారు. అమెరికాలో టీవీ, ఫోన్ రంగాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2014లో టీవీ క్యాప్షన్ల నాణ్యతకి నాలుగు కొలతలు పెట్టింది: మాట సరిగ్గా ఉండాలి, మాటతో పాటే పడాలి, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, బొమ్మలో ముఖ్యమైనదాన్ని కప్పేయకూడదు. అవి టీవీ కోసం పెట్టినవే అయినా నేను ఈ యాప్‌ని ఆ నాలుగింటితోనే కొలిచాను. రెండోదాంట్లో మాత్రమే పాస్ అయింది.

ఒకప్పుడు యూట్యూబ్‌లో చూసేవాళ్ళే క్యాప్షన్లు రాసి పంపే సదుపాయం ఉండేది, 2020 సెప్టెంబర్‌లో తీసేశారు. నా ఉద్దేశంలో అది పెద్ద నష్టం. ఇప్పుడు ఆ బరువంతా వీడియో చేసినవాళ్ళ మీదే ఉంది.

మరి ఆ బరువు ఎంత? చెల్లి ఇప్పుడు చేస్తున్న పద్ధతి చెప్తాను, ఎవరైనా చేసుకోవచ్చు. యాప్ రాయడం అయ్యాక ముందు సౌండ్ పూర్తిగా తీసేసి ఒకసారి చదువుతుంది. చెప్పింది తనే అయినా అప్పుడు దానికే కొన్ని లైన్లు అర్థం కావు, నాకు అందేది అదే అని అప్పుడు తెలుస్తుంది. తర్వాత సౌండ్ పెట్టుకుని, ప్రతి వాక్యం చివరి మాట మీద, అంకెల మీద, పేర్ల మీద కన్ను పెట్టి ఇంకోసారి. కామాలు, ప్రశ్నార్థకాలు అప్పుడే పెడుతుంది. చిన్న వీడియోకి పది నిమిషాల పని. రికార్డింగ్ దగ్గర కూడా రెండు మార్పులు చేసుకుంది: బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌ని క్యాప్షన్లు తయారయ్యాకే కలుపుతుంది, వాక్యం చివర్లో గొంతు పడిపోకుండా చూసుకుంటుంది. ఈ రెండిటితోనే తప్పులు బాగా తగ్గాయి.

క్యాప్షన్‌ని జోకుల కోసం వాడేవాళ్ళకి కూడా ఒక మాట. నోటితో ఒకటి చెప్పి కింద ఇంకోటి రాయడం, పెద్ద వివరణ ఇచ్చి కింద "ఏదో చెప్తున్నాడు" అని పెట్టడం, మాటల్లో సగం అక్షరాలకి చుక్కలు పెట్టడం చూస్తున్నాను. విన్నవాళ్ళు నవ్వుకుంటారు, వాళ్ళకి రెండూ అందాయి కాబట్టి. నాకు అసలు మాట ఎప్పటికీ తెలియదు. జోక్ వేసుకోండి, అసలు మాట కూడా ఎక్కడో ఒకచోట రాయండి.

యాప్ చేసేవాళ్ళు చదువుతుంటే నేను అడిగేవి పెద్దవేం కాదు. ప్రతి మాట మీద తనకి ఎంత నమ్మకం ఉందో ఇలాంటి మోడళ్ళు లోపల లెక్కేసుకుంటూనే ఉంటాయి. నమ్మకం తక్కువున్న మాటల్ని ఎడిట్ స్క్రీన్‌లో వేరే రంగులో చూపించండి, దిద్దేవాళ్ళ కన్ను నేరుగా అక్కడికి పోతుంది. తరచూ వచ్చే పేర్లు, మాటలు ఒకసారి నేర్పితే గుర్తుపెట్టుకోండి, చెల్లి ప్రతి వీడియోలోనూ "బ్యాకప్" దిద్దుకుంటోంది. ఎగిరిపడే స్టైల్‌ని మొదట ఆఫ్‌లో ఉంచండి, కావాలన్నవాళ్ళు ఆన్ చేసుకుంటారు. ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. యూట్యూబ్‌లో క్యాప్షన్ల మెనూ తెరిస్తే అది ఆటోమేటిక్‌గా పుట్టినదా, ఎవరైనా పెట్టినదా అని భాష పేరు పక్కనే రాసి ఉంటుంది. వీడియో మీద అతికించిన క్యాప్షన్లకి అలాంటి గుర్తు ఏమీ లేదు. "ఇది మనిషి చదివి సరిచూసింది" అని ఒక చిన్న గుర్తు పెట్టే వీలు ఇవ్వండి, నిజంగా చదివినవాళ్ళే పెడతారు. ఆ గుర్తు ఉందో లేదో చూసి, చుక్కలు వేసుకోవాలా వద్దా అన్న విషయంలో ఆ వీడియోని నమ్మాలో, ఆగి ఇంకొకరిని అడగాలో నేను తేల్చుకుంటాను.